ప్రతి మజిలీకీ ఒక కథ

మూడేళ్ళకో ఊరు మారే మన ఇళ్ళలో సామానుతో పాటు హ్యారీ పాటర్, హాబిట్ పుస్తకాలు కూడా ప్రయాణం చేస్తుంటాయి. మంచిదే. కానీ తెలుగు వాచకం మాత్రం చాలాసార్లు పాత ఊళ్ళోనే ఉండిపోతుంది. 'ఇంట్లో మాట్లాడుతున్నాం కదా, చదవడం ఎందుకు?' అని మనలో చాలామంది అడుగుతారు. దానికి జవాబు ఆ మాయల కథల్లోనే ఉంది.

1937లో 'హాబిట్' వెలువరించిన టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లీషు బోధించిన ఆచార్యుడు. 'బేవుల్ఫ్' అనే ప్రాచీన కావ్యంలో ఎవరో ఒక పాత్ర దొంగిలించగానే నిధికి కాపలా ఉన్న డ్రాగన్ ఆగ్రహంతో లేస్తుంది. బిల్బో చేసే దొంగతనమూ అదే! అంటే, తన భాషలోని పాత పుస్తకాలు చదివినవాడే కొత్త లోకాన్ని సృష్టించగలిగాడు.

మనకు అలాంటి పుస్తకాలు లేవా? 16వ శతాబ్దంలో పింగళి సూరన రాసిన 'కళాపూర్ణోదయం'లో ఇద్దరు రంభలు ఎదురుపడి, 'నేనే అసలు రంభను' అని వాదులాడుకుంటారు. ఒకరు రూపం మార్చుకున్న కలభాషిణి. పాలీజ్యూస్ కషాయం తాగి వేరొకరిలా మారిపోవడం మీకు గుర్తొస్తోందా?

అంతకు ముందే, 15వ శతాబ్దంలో, కొఱవి గోపరాజు విక్రమార్కుడి సింహాసనం కథలను తెలుగులో 'సింహాసన ద్వాత్రింశిక'గా రాశాడు. అవే కథలను 18వ శతాబ్దంలో శామళ్ భట్ గుజరాతీలో చెప్పాడు. ఈ సూరత్‌లో మీ పక్క బెంచీ స్నేహితుణ్ణి అడిగి చూడండి, విక్రముడు వాళ్ళకూ చుట్టమే.

ప్రబంధాల తెలుగు కష్టమే, కాదనం. అందుకే వచనంతో మొదలుపెడదాం. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన 'కాశీమజిలీ కథలు'లో గోపుడనే పశువుల కాపరి కుర్రవాడు మణిసిద్ధుడి వెంట కాశీకి బయలుదేరతాడు. అతని షరతు ఒక్కటే: ప్రతి మజిలీలోనూ కథ చెప్పాలి! ఊళ్ళో కనిపించిన వింత గురించి అతను అడుగుతాడు, గురువు చెబుతాడు. 1951 నాటి 'పాతాళభైరవి' సినిమాకు మూలం ఈ కథల్లోనే ఉందంటారు.

గోపుడు మనలాంటివాడే. ఊరు మారడం అతనికి నష్టం కాలేదు, కథ అయింది. కానీ గోపుడికి కథ చెప్పడానికి గురువు పక్కనే ఉన్నాడు. మనకు పక్కనుండేది పుస్తకమే. అక్షరాలు రాకపోతే అది నోరు విప్పదు.

సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. తెలుగు చదవడానికి తెలుగు రాష్ట్రంలోనే ఉండనక్కరలేదు. రోజూ రాత్రి ఒక పేజీ చాలు. అమ్మానాన్నలు చదివితే వినండి, మరునాడు మీరు చదివి వినిపించండి. పది ఊళ్ళు చూసిన మీలోంచే రేపు ఒక కొత్త మాయాలోకం పుట్టవచ్చు. దానికి కావలసిన మంత్రాలు సగం మన పాత పుస్తకాల్లోనే ఉన్నాయి.