ఇంటికి శ్లాబు వేయించే ముందు



కొత్త ఇల్లు కట్టించేవాడు దాని పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టించాలనీ, లేనియెడల దానిమీదనుండి ఎవడైనా పడితే ఆ దోషం ఇంటిమీదికి వస్తుందనీ ద్వితీయోపదేశకాండము 22:8లో చదువుతాము. ఆ ఆజ్ఞ మేస్త్రికి కాదు, ఇంటి యజమానికి ఇయ్యబడింది. కాబట్టి మన కప్పు ఎవరి చేతికి అప్పగిస్తున్నామో చూచుకోవలసిన బాధ్యత కూడా మనదే.

1977 నవంబరు 19న దివిసీమను, 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపానులను ఎరిగినవారికి గట్టి కప్పు విలువ వేరే చెప్పనక్కరలేదు. తాటాకు ఇంట్లో, పెంకుటింట్లో పెరిగిన మనం ఏళ్ల తరబడి కూడబెట్టి, అప్పు చేసి శ్లాబు వేయిస్తాం. అది మళ్లీ మళ్లీ వేయించుకొనేది కాదు.

కొన్నేళ్ల క్రితం మేమూ శ్లాబు వేయించాం. మేస్త్రి మా సంఘపు సహోదరుడే. "మనలో మనకు కాగితాలెందుకన్నయ్యా?" అన్నాడు. నిజమే కదా అనుకున్నాను. అడిగినప్పుడల్లా డబ్బు ఇచ్చాను. శ్లాబు పోసిన మర్నాడే ఆయన వేరే ఊళ్లో పనికి వెళ్లిపోయాడు. నీళ్లు కట్టేది ఆయన మనుషులా, మేమా అన్నది ముందు అనుకోలేదు. ఎండకు కప్పు బీటలు తీసింది. మొదటి వానకే వంటింట్లో గిన్నెలు పెట్టుకున్నాం. మాటా మాటా పెరిగింది. కోపంతో చివరి బాకీ ఆపేశాను. తీరా చూస్తే ఆగింది ఆయన డబ్బు కాదు, కంకర మోసిన ఆడకూలీల డబ్బు. కోతపనివారి కూలి బిగబట్టినవారిని గురించి యాకోబు 5:4 చెప్పిన మాట ఆ ఆదివారం నన్ను గుచ్చింది. కూలీల డబ్బు వారి చేతికే ఇచ్చాను. కాని మేమిద్దరం ప్రభువు బల్ల దగ్గర ఒకరి ముఖం ఒకరు చూచుకోవడానికి ఆరు నెలలు పట్టింది.

ఆ అనుభవం నేర్పిన సంగతులు ఇవి.

మేస్త్రిని ఎంచుకొనేముందు ఆయన మూడు నాలుగేళ్ల క్రితం వేసిన శ్లాబులు చూడండి. వానాకాలంలో చూడగలిగితే మరీ మంచిది. కింద నిలబడి తల పైకెత్తితే చెమ్మ మచ్చలు, తుప్పు చారలు, ఊడిన పెచ్చులు కనబడతాయి. ఆ ఇంటి ఇల్లాలిని అడగండి. ఎక్కడ కారుతుందో ఆమెకే తెలుసు. ఇద్దరు ముగ్గురి దగ్గర ధర అడగండి. ఒకరు మరీ తక్కువ చెబితే సంతోషించకండి, ఎక్కడ తగ్గిస్తారో అడగండి.

కాగితం వ్రాసుకోండి. చదరపు అడుగుకు కూలి ఎంత, సామాను ఎవరిది, శ్లాబు మందం ఎంత, ఏ ఊచలు ఎంత దూరంలో కట్టాలి, సెంట్రింగు ఖర్చు ఎవరిది, నీళ్లు ఎవరు కట్టాలి అన్నీ అందులో ఉండాలి. డబ్బు పనినిబట్టి విడతలుగా ఇవ్వండి. సెంట్రింగు విప్పి, పైన నీళ్లు నిలబెట్టి చూచిన తరువాత ఇచ్చేలా కొంత సొమ్ము ఉంచుకోండి. అది మేస్త్రి వాటాలోనిదై ఉండాలి. కూలీల కూలి మాత్రం ఏ రోజుది ఆ రోజే ముట్టాలి.

ఇనుము కట్టిన రోజు కాంక్రీటు పోయకముందే తెలిసిన ఇంజనీరుకు చూపించండి. ఊచల కింద సిమెంటు బిళ్లలు పెట్టకపోతే ఊచలు చెక్కకు ఆనుకొని తరువాత తుప్పుపడతాయి. ఒక పాలు సిమెంటుకు ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర అన్నది ఇళ్లకు వాడుకలో ఉన్న కొలత. పని సులువవుతుందని నీళ్లు ఎక్కువ పోస్తే బలం పోతుంది. సముద్రపు ఇసుక, ఉప్పునీరు అసలే వద్దు. మర్నాటినుండి మడులు కట్టి రెండు వారాలు నీళ్లు నిలపండి. చిన్న గదులకైనా వారం లోపు, పెద్ద గదులకు, దూలాలకు రెండు వారాల లోపు ఆధారాలు తీయనివ్వకండి. మరీ పొడవైన దూలాలకు మూడు వారాలు ఉంచాలి.

సొంతవారి మధ్య కాగితమేమిటని మొహమాటపడవద్దు. యిర్మీయా తన తండ్రి సహోదరుని కుమారుని పొలం కొన్నప్పుడు 17 తులాల వెండి తూచి ఇచ్చి, పత్రం వ్రాసి ముద్రవేసి, సాక్షులను పిలిపించుకున్నాడు (యిర్మీయా 32). అది అపనమ్మకం కాదు. రేపు ఇద్దరి మధ్య ప్రేమ చెడకుండా ఈరోజు వేసుకొనే పిట్టగోడ అది.

మా సహోదరుడు ఆ తరువాత వచ్చి పగుళ్లు పూడ్చి వెళ్లాడు. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. ఇప్పుడు ఆయన ఏ పని ఒప్పుకున్నా ముందు తానే కాగితం అడుగుతున్నాడు.

మీ ఇంటిని, దానిని కట్టే చేతులను ప్రభువు దీవించును గాక.