తీగ ఒక్కటే చాలదు, దారీ తెరవాలి

శ్రీరాంపూర్: బొగ్గు ఉత్పత్తిపై సింగరేణి ఉన్నతాధికారులు ఏరియాల జనరల్ మేనేజర్లతో వీడియో కాన్ఫరెన్స్‌లో సమీక్ష జరపడం పరిపాటి అయింది. పల్లె ఆరోగ్య కేంద్రం నుంచి దూరాన ఉన్న డాక్టరుతో మాట్లాడించే ఈ-సంజీవని 2019లో మొదలైంది. 2024 డిసెంబరులో టీ-ఫైబర్ ప్రయోగాత్మకంగా అందిన గ్రామాల్లో పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ ఒకటి. ఇలా తీగ పల్లె దాకా వస్తోంది. అయినా తెర మీద బొమ్మ ఆగిపోయినా, మాట తెగిపోయినా అందరూ అనేది ఒక్కటే: "నెట్ స్లో". ప్రతిసారీ తప్పు వేగానిదే కాదు. కార్యాలయాల్లో, ఆస్పత్రుల్లో నెట్‌వర్క్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్ దారి ఇవ్వకపోయినా ఇదే జరుగుతుంది.

ఫైర్‌వాల్ అంటే గేటు కాపలాదారు వంటిది. కంప్యూటరులోకి రాకపోకలకు 65 వేలకు పైగా నంబర్ల దారులుంటాయి. వీటినే పోర్టులంటారు. అనుమతి లేని దారిని ఫైర్‌వాల్ మూసే ఉంచుతుంది. మామూలు వెబ్‌సైట్లకు 443 పోర్టు చాలు. వీడియోకు వేరే దారులు కావాలి. జూమ్‌కు 8801 నుంచి 8810 వరకు, టీమ్స్‌కు 3478 నుంచి 3481 వరకు యూడీపీ పోర్టులు వాడతారు.

యూడీపీ కన్వేయర్ బెల్టు వంటిది. రెండు బొగ్గు పెళ్లలు జారినా బెల్టు ఆగదు. టీసీపీ టబ్బుల వరుస వంటిది. ఒక టబ్బు పట్టా తప్పితే వెనుకవన్నీ ఆగుతాయి. యూడీపీ మూసి ఉంటే ఈ కాల్స్ టీసీపీ 443 మీదికి మళ్లుతాయి. లైను కాస్త తడబడినా బొమ్మ నిలిచిపోయేది అప్పుడే. పాత రకం కాన్ఫరెన్స్ యంత్రాల్లో 1720 పోర్టు తెరిచి మిగతావి మరిస్తే, కాల్ కలుస్తుంది గాని బొమ్మ, మాట రావు. గనిలో గాలికి లోనికి ఒక దారి, బయటికి ఒక దారి ఉన్నట్టే కాల్‌కూ రెండు వైపులా దారి ఉండాలి. ఒకవైపే తెరిస్తే ఇక్కడివారు అక్కడ కనబడతారు, అక్కడివారు ఇక్కడ కనబడరు.

అలాగని అన్ని తలుపులూ బార్లా తెరవడం మరింత ప్రమాదకరం. 2017 మేలో వానాక్రై వైరస్ 445 పోర్టు గుండా ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి.

కావలసిన పోర్టులనే, ఆ సంస్థ ప్రకటించిన చిరునామాలకే తెరవాలి. ఏది ఎందుకు తెరిచారో రిజిస్టరులో రాయాలి. సమావేశానికి ముందురోజే కాల్ కలిపి చూడాలి. ఈ పని తెలిసిన మనిషిని మండలానికి ఒకరినైనా తయారు చేయాలి. తెర ముందు కూర్చునే రోగికి, అర్జీదారుకు ఆ పూట కూలి పోతుంది. బొమ్మ రాలేదని వారిని వెనక్కి పంపే ముందు, ఏ దారి మూసి ఉందో చూడవలసిన బాధ్యత అధికారులదే.