మిరపతోట మేస్త్రీ, మాదాపూర్ హెచ్ఆర్



పోయిన భాగంలో హాస్టళ్ల గురించి రాస్తూ, చదువు అయిపోయాక మన పిల్లలకు ఏమవుతుందో తర్వాత రాస్తానన్నాను. ఆ బాకీ ఇది. కొంచెం పెద్దదే, ఓపిక పట్టి చదవండి.

జనవరిలో మా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకామె ఫోన్ చేసింది. దుమ్ముగూడెం మండలం, మాదిగవాడ. బీఎస్సీ అయిపోయి రెండేళ్లు. "సార్, నేను సెలెక్టయ్యాను" అంది. గొంతులో ఏడుపో నవ్వో తెలియలేదు. ఆ మెయిల్ నాకు పంపమన్నాను.

మొదటి లైను: "డియర్ ఫస్ట్ నేమ్". పేరు పడాల్సిన చోట పేరు కూడా పడలేదు. కింద "కంగ్రాచ్యులేషన్స్, యువర్ ప్రొఫైల్ ఈజ్ షార్ట్‌లిస్టెడ్". పోస్టు సీనియర్ నెట్‌వర్క్ ఇంజనీర్. అనుభవం ఆరు నుంచి ఎనిమిదేళ్లు. జీతం "బెస్ట్ ఇన్ ఇండస్ట్రీ". కంపెనీ పేరు "అవర్ క్లయింట్, ఎ లీడింగ్ ఎమ్మెన్సీ". మా పిల్ల చదివింది బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ.

వద్దన్నాను. కానీ గట్టిగా అనలేకపోయాను. రెండేళ్లుగా ఒక్క పిలుపు కూడా రాని మనిషితో, వచ్చిన ఆ ఒక్క పిలుపూ అబద్ధమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ తప్పు నాది.

ఆ అమ్మాయి వెళ్లింది. మహాలక్ష్మి పథకం ఉంది కాబట్టి ఖమ్మంలో బస్సు మారి ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ లేకుండానే హైదరాబాద్ చేరింది. కానీ ఆటోలకు, తిండికి, తెలిసినవాళ్ల గదిలో రెండు రాత్రులకు వాళ్లమ్మ మిరపకాయ ఏరిన కూలి డబ్బులు పోయాయి. మాదాపూర్‌లో ఒక మెట్ల మీద నాలుగు వందల మంది. సాయంత్రం నాలుగింటికి ఒకతను బయటికొచ్చి "పొజిషన్ క్లోజ్డ్" అన్నాడట. మూడో రోజు ఇంటికి తిరిగొస్తుంటే ఫోన్. ట్రైనింగ్ తీసుకుంటే ఉద్యోగం గ్యారంటీ, ముందు నాలుగున్నర వేలు కట్టాలి.

తర్వాత వాళ్ల ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మ నన్ను ఒకటే అడిగింది. "ఆ మేస్త్రీ ఇల్లెక్కడ సారూ?"

మిరప ఏరే కాలంలో మా వైపు ఊళ్లు ఎట్లా ఉంటాయో తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఖమ్మం మార్కెట్‌కు మిర్చి రావాలంటే వేల చేతులు కావాలి. ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా కూలీలు దిగుతారు. ముఠాను కట్టేది మేస్త్రీ. ముందు రోజు రాత్రి వాడకొచ్చి నిలబడతాడు. ఎవరి తోట, ఏ ఊరు, రోజు కూలా కిలో లెక్కా, ఆటో ఖర్చు ఎవరిది, డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది, ఇవన్నీ చెప్తాడు. చెప్పకపోతే ఆడవాళ్లు అడుగుతారు. తేలకపోతే ఆటో ఎక్కరు. వాడేమీ దేవుడు కాదు. కమీషన్ తింటాడు, కాటాలో మోసం చేస్తాడు, అడ్వాన్సు ఇచ్చి కట్టేస్తాడు. కానీ వాడి మొహం తెలుసు, ఇల్లు తెలుసు. కూలి ఎగ్గొడితే పదిమంది వెళ్లి వాడి గుమ్మం ముందు కూర్చోవచ్చు.

డిగ్రీ చదివిన కూతురికి ఆ మాత్రం కూడా దక్కలేదు. చదువుకోని తల్లి కూలికి వెళ్లేముందు అడిగే నాలుగు ప్రశ్నలు, చదువుకున్న కూతురు ఉద్యోగానికి వెళ్లేముందు అడగకూడదట. జీతం అడిగితే "యాటిట్యూడ్", కంపెనీ పేరు అడిగితే "కాన్ఫిడెన్షియల్". ఏమైందని మళ్లీ ఫోన్ చేస్తే నంబర్ బ్లాక్. దీన్ని "ప్రొఫెషనల్ ప్రపంచం" అంటున్నారు!

"స్పామ్ మెయిల్‌కు ఇంత గొడవా, డిలీట్ చేస్తే పోలా" అనే మిత్రులున్నారు. నాన్న స్నేహితుడి కంపెనీలో ఇంటర్న్‌షిప్ దొరికేవాళ్లకు అది స్పామే. మన పిల్లలకు మిగిలిన తలుపు అదొక్కటే. ఎందుకంటే మిగతా తలుపుల సంగతి మీకు తెలుసు. తెలంగాణలో గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్ 16న ఒకసారి రాశారు. పేపర్ లీకేజీతో అది రద్దయ్యాక 2023 జూన్ 11న మళ్లీ రాశారు. అదీ హైకోర్టులో కొట్టుకుపోయాక, కొత్త నోటిఫికేషన్ కింద 2024 జూన్ 9న మూడోసారి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే ఇచ్చిన 2000 నాటి జీవో నంబర్ 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. అవి మాల మాదిగల పోస్టులు కావు, నిజమే. కానీ పక్కింటి కోయ పిల్లల తలుపు మూసుకుంటే మన తలుపు తెరుచుకోదు. ఇద్దరం ఒకే మెయిల్ పెట్టె ముందుకొచ్చి కూర్చున్నాం.

అసలు ఆ మెయిల్ ఎట్లా పుడుతుంది? నా పాత స్టూడెంట్ ఒకామె హైదరాబాద్‌లో రిక్రూటర్. ఆమె చెప్తే అర్థమైంది. కంపెనీ ఒకే పోస్టును నలుగురైదుగురు కన్సల్టెన్సీలకు ఇస్తుంది. ఎవరు పంపిన మనిషి చేరితే వాళ్లకే డబ్బు. చాలాచోట్ల ఆ రేటు ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. కాబట్టి పరుగు. జాబ్ పోర్టల్ డబ్బు తీసుకుని రెజ్యూమేల గోదాం తెరుస్తుంది. ఒక పదం కొడితే వందల మంది వస్తారు. చదవడానికి టైం ఉండదు. అందరికీ ఒకే మెయిల్ వెళ్లిపోతుంది. మా అమ్మాయి రెజ్యూమేలో "నెట్‌వర్క్" అనే మాట ఎక్కడుందో వెతికాను. "ఎన్ఎస్ఎస్ వాలంటీర్, విలేజ్ నెట్‌వర్క్" అని ఉంది. అంతే, ఇంజనీర్ అయిపోయింది! కొన్నిసార్లు పోస్టే ఉండదు. రేపు క్లయింటుకు చూపించుకోవడానికి రెజ్యూమేలు పోగేస్తారు. మన జీవితం వాళ్లకు సరుకు నిల్వ.

"సార్, నాకు రోజుకు నలభై సబ్మిషన్ల టార్గెట్. నాకు మాత్రం జీతం ఎంతని, పద్దెనిమిది వేలు. జవాబులు రాస్తూ కూర్చుంటే నా ఉద్యోగం పోతుంది" అంది ఆ అమ్మాయి. ఆమెను తిట్టడానికి నేనిది రాయడం లేదు. ఆమె కూడా ముఠాలో కూలే. అడగాల్సింది తోట యజమానిని.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వందల మందికి మెయిల్ వేసిన ఆ కంపెనీ చివరికి ఎవరిని తీసుకుంటుంది? చాలాసార్లు "రిఫరల్" మీద వచ్చినవాళ్లను. లోపల పనిచేసేవాడు తన బావమరిదిని, తన కాలేజీవాడిని, తన ఊరివాడిని చెప్తాడు. చెప్పినందుకు బోనస్ కూడా ఇస్తారు. లోపల ఉన్నది ఏ కులాలవాళ్లో లెక్కవేసుకుంటే రిఫరల్ ఎటు పారుతుందో చెప్పక్కర్లేదు. మనకొచ్చే మూకుమ్మడి మెయిల్ "మేము అందరికీ అవకాశం ఇచ్చాం" అని చెప్పుకోవడానికి పనికొస్తుంది. ముందు గదిలో జాతర, వెనక గదిలో పెళ్లి.

ఇది నా అక్కసు అనుకునేవాళ్లకు రెండు పరిశోధనలు చెప్తాను. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ అనే ఇద్దరు పండితులు పేపర్లలో పడిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు, అర్హత అన్నీ సమానం. పేర్లే వేరు. కొన్ని ఆధిపత్య కులాల పేర్లు, కొన్ని దళితుల పేర్లు, కొన్ని ముస్లింల పేర్లు. ఆధిపత్య కుల పేరుతో పోలిస్తే పిలుపు వచ్చే అవకాశం దళిత పేరుకు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో అచ్చయింది. అదే ఏడాది సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీలో పెద్ద కంపెనీల హెచ్ఆర్ మేనేజర్లతో మాట్లాడి ఇంకో వ్యాసం రాశారు. మేము మెరిట్ తప్ప కులం చూడం అన్నవాళ్లే దాదాపు అందరూ ఇంటర్వ్యూలో "ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్" అడుగుతామని ఒప్పుకున్నారు.

ఢిల్లీలో ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్. మన దగ్గర ఇంకా సులువు, ఇంటిపేరు. పీహెచ్‌డీ అయ్యాక ఏడాదిన్నర నేను ఖాళీగా ఉన్నాను. తెలుగు కంటెంట్ ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టాను. ఒకచోట ఫోన్‌లో అంతా బాగానే జరిగింది. చివర "మీ ఇనీషియల్ ఫుల్ ఫామ్ ఏంటండీ?" అన్నారు. చెప్పాను. "అది ఏ ఊరివైపు? ఊళ్లో మీ ఇల్లు ఎక్కడ?" వాళ్లకు కావాల్సింది గూగుల్ మ్యాప్ కాదు. ఊరా, వాడా అన్నది. తెలుసుకున్నారు. మళ్లీ ఫోన్ రాలేదు. ఎందుకు రాలేదో ఈ రోజుకూ నాకు రుజువు లేదు. ఈ వ్యవస్థ బలం అక్కడే ఉంది. కాదని ఎవరూ అనరు కాబట్టి ఎవరినీ నిలదియ్యలేం. మౌనం మీద అట్రాసిటీ కేసు పెట్టలేం.

సాహిత్యం చదువుకున్నవాణ్ణి, ఒక్క మాట చెప్పుకోనివ్వండి. 1941లో జాషువా "గబ్బిలం" రాశాడు. కాళిదాసు యక్షుడికి మేఘం దూత అయితే, ఆకలిగొన్న అరుంధతీయుడికి గబ్బిలం దిక్కయింది. తాను అడుగుపెట్టలేని గుడిలోకి గబ్బిలం పోగలదు కాబట్టి తన గోడు కాశీ విశ్వనాథుడి చెవిన వెయ్యమన్నాడు. ఇవాళ మన పిల్లలు ప్రతి రాత్రీ పంపుతున్న అప్లికేషన్లు ఆ గబ్బిలాలే. తేడా ఒకటే. ఇప్పుడు లోపలినుంచి మనకు కూడా సందేశాలు వస్తున్నాయి, వందల కొద్దీ. కానీ జవాబు రాద్దామని చూస్తే అడ్రసు "నో రిప్లై". వాళ్లు మనతో మాట్లాడొచ్చు, మనం వాళ్లతో మాట్లాడకూడదు. ఈ ఏర్పాటు మన తాతలకు కొత్తేమీ కాదు.

ఈ వాడిలేని మెయిళ్ల అలవాటు ఎంత దూరం తీసుకుపోతుందో కూడా చూశాం. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి కాంబోడియా వెళ్లిన తెలుగు పిల్లలను సైబర్ మోసాల గూళ్లలో కట్టేసి పని చేయించిన సంగతి 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. పేరులేని కంపెనీ, చెప్పని జీతం, ముందే డబ్బు. ఈ మూడింటినీ మామూలు విషయాలుగా అలవాటు చేసింది మన "మర్యాదస్తులైన" కన్సల్టెన్సీలే. అలవాటుపడ్డ కంటికి దొంగ ఎవడో ఎట్లా తెలుస్తుంది?

చట్టం లేదా? ఉంది, సగం. 1959లోనే ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజికి తెలపాలని చట్టం చేశారు. 25 మంది, ఆపైన ఉన్న ప్రైవేటు సంస్థలకూ అది వర్తించింది. కానీ అదే చట్టం, అక్కడినుంచే మనుషుల్ని తీసుకోవాలన్న బాధ్యత మాత్రం యజమాని మీద పెట్టలేదు. తెలిపితే చాలు. ఇప్పుడు దాన్ని 2020 సామాజిక భద్రత కోడ్‌లో కలిపేశారు. విదేశీ ఉద్యోగాలకు 1983 ఎమిగ్రేషన్ చట్టం ఉంది. ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉండాలి, అతను తీసుకునే సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ దాటకూడదు. ప్రైవేటు ఉద్యోగ ఏజెన్సీలు పనివాళ్ల దగ్గర పైసా తీసుకోకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో 181వ ఒప్పందం చేసింది. భారత ప్రభుత్వం దాన్ని ఆమోదించలేదు. ఇక ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ అనగానే "మెరిట్" అని గుండెలు బాదుకునేవాళ్లు, బావమరిది రిఫరల్‌లో ఏ మెరిట్ ఉందో చెప్పరు.

కాబట్టి మన డిమాండ్లు మర్యాద గురించి కాదు. కంపెనీ పేరు, పని, ఊరు, జీతం లేని ఉద్యోగ ప్రకటన చట్టవిరుద్ధం కావాలి. ఏ పేరుతోనైనా అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోవడం నేరం కావాలి. పిలిచిన ప్రతి మనిషికీ ఫలితం చెప్పాలి. ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎంతమందిని పిలిచారు, ఎంతమందిని తీసుకున్నారు అన్నది కులాలవారీగా బయటపెట్టాలి. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ కావాలి. ఈ చివరి రెండూ లేకుండా మొదటి మూడూ వచ్చినా, మనకు మర్యాదగా "కాదు" అని చెప్తారు, అంతే.

ప్రభుత్వం చేసేదాకా మనం చేసేది ఒకటుంది. మా కాలేజీ ప్లేస్‌మెంట్ పని నా నెత్తిన ఉంది. ఇన్నాళ్లూ వచ్చిన ప్రతి మెయిల్‌నూ గ్రూపులోకి నెట్టేశాను. అంటే నేనూ ఆ ముఠాలో మేస్త్రీనే. ఇక నెట్టను. మిరపకూలీ అడిగే ప్రశ్నలు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాం: ఎవరి పని, ఎక్కడ, ఎంత, ఎప్పుడు చేతికిస్తారు, తిరుగు ఖర్చు ఎవరిది? జవాబు లేని మెయిల్ పిల్లల దాకా పోదు. పక్కనే ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాం. ఎవరు పిలిచారు, ఏం అడిగారు, ఎంత కట్టమన్నారు, ఇంటిపేరు అడిగారా, మళ్లీ ఫోన్ చేశారా, అన్నీ తేదీలతో రాస్తున్నారు. నెలన్నరలో ముప్పై ఒక్క పేజీలు నిండాయి. మొదటి పేజీ ఆ దుమ్ముగూడెం అమ్మాయి రాసింది.

భద్రాచలం, కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు, సత్తుపల్లి కాలేజీల్లో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరూ ఒక నోట్‌బుక్ తెరవండి. ఏప్రిల్ 14న అన్నీ ఒకచోట పెట్టి చదువుదాం. లేబర్ ఆఫీసుకు వెళ్లేటప్పుడు కన్నీళ్లతో కాదు, ఆ పేజీలతో వెళ్దాం. ఆ తల్లి అడిగిన ప్రశ్నకు నేనింకా జవాబు బాకీ ఉన్నాను.

జై భీమ్.