వారంటీలో వచ్చిన గ్రాఫిక్స్ కార్డు: వేగం పెంచే ముందు కొలత ముఖ్యం

కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డు వారంటీ గడువులో పాడైతే కంపెనీ బదులుగా మరొకటి పంపుతుంది. అది చేతికి రాగానే పాత కార్డుకు వాడిన ఓవర్‌క్లాకింగ్ అంకెలనే దీనికీ పెట్టేవారు ఉన్నారు. ఓవర్‌క్లాకింగ్ అంటే తయారీదారు నిర్ణయించిన వేగాన్ని మించి చిప్‌ను నడపడం. మోడల్ ఒకటే కాబట్టి ఫలితమూ ఒకటే అన్నది వారి ధీమా. ఆ ధీమాకు శాస్త్రీయమైన ఆధారం లేదు.

ఒకే సిలికాన్ పలకపై తయారైన చిప్‌లలో కూడా ట్రాన్సిస్టర్ల మధ్య అతి సూక్ష్మమైన తేడాలుంటాయి. ఒక చిప్ తక్కువ వోల్టేజీతో అందుకునే వేగానికి మరొకటి ఎక్కువ వోల్టేజీ కోరుతుంది. ఔత్సాహికులు దీన్ని ‘సిలికాన్ లాటరీ’ అంటారు. పైగా, బదులుగా ఇచ్చేది మరమ్మతు చేసిన కార్డు కూడా కావచ్చని చాలా వారంటీ షరతుల్లో రాసి ఉంటుంది. అలాంటి కార్డు ఇదివరకు ఎంత వేడిని భరించిందో మనకు తెలియదు.

వేగానికి చెల్లించే మూల్యం కూడా చూడాలి. పనిచేస్తున్న చిప్ వాడే విద్యుత్తులో ప్రధాన భాగం దాని వేగానికీ, వోల్టేజీ వర్గానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. వేగాన్ని 10 శాతం, అందుకోసం వోల్టేజీని 5 శాతం పెంచామనుకోండి. 1.10 × 1.05 × 1.05 అంటే సుమారు 1.21. ఆ భాగంలో 21 శాతం విద్యుత్తు అదనంగా ఖర్చవుతుంది, అదంతా వేడిగా మారుతుంది. వేడి, విద్యుత్ ప్రవాహ సాంద్రత పెరిగితే చిప్‌లోని సన్నని లోహపు దారుల్లో పరమాణువులు నెమ్మదిగా స్థానం మారతాయి. ఎలక్ట్రోమైగ్రేషన్ అనే ఈ ప్రక్రియ చిప్ ఆయుష్షును తగ్గిస్తుంది. చల్లని దేశంలో ఎవరో సాధించిన అంకెను మన మే నెల ఎండల్లో అనుకరించడం ఇంకా ప్రమాదకరం.

నేటి కార్డులు తమ ఉష్ణోగ్రతను గమనించుకుంటూ అవసరమైతే వేగం తగ్గించుకుంటాయి కదా అని కొందరు అంటారు. నిజమే, కార్డు ఒక్కసారిగా కాలిపోవడం అరుదు. అయితే ఆ కార్డులే పరిస్థితి అనుకూలిస్తే తమంతట తాము వేగం పెంచుకుంటాయి కూడా. అందువల్ల మనం అదనంగా రాబట్టగలిగేది కొంచెమే.

కాబట్టి ముందు రెండు వారాలు కార్డును ఫ్యాక్టరీ అమరికతోనే నడపండి. ఉష్ణోగ్రత, ఫ్యాన్ వేగం, పనితీరు రాసుకోండి. ఈ దశలో తెర మినుకుమినుకుమన్నా, కంప్యూటర్ ఆగిపోయినా ఓవర్‌క్లాకింగ్‌ను అనుమానించాల్సిన పని ఉండదు, కార్డును ధైర్యంగా వెనక్కి పంపవచ్చు. మొదటి రోజే వేగం పెంచేస్తే లోపం కార్డులో ఉందా, మన అమరికలో ఉందా అన్నది తేల్చడం కష్టం. బదులుగా వచ్చిన కార్డుకు చాలాసార్లు పాత వారంటీలో మిగిలిన గడువే వర్తిస్తుంది గనుక ఆ సమయం విలువైనది.

ఆ తర్వాతా ప్రయోగం చేయాలనిపిస్తే వోల్టేజీ తగ్గించి చూడటం మేలు. వేగం 5 శాతం, వోల్టేజీ 10 శాతం తగ్గిస్తే పై లెక్క ప్రకారమే దాదాపు 23 శాతం విద్యుత్తు ఆదా అవుతుంది. ఆటలో ఆ తేడా కంటికి ఆనడం కష్టం. గదిలో వేడి, ఫ్యాన్ రొద మాత్రం తగ్గుతాయి.