పోగులు లెక్కపెడితే నిద్ర పడుతుందా?

చీర కొనేటప్పుడు మనల్ని మోసం చేయడం ఏ కొట్టువాడి తరమూ కాదు. అంచు వెనక్కి తిప్పి చూస్తాం, కొంగు వేళ్ల మధ్య నలిపి చూస్తాం, తడివేలితో రుద్ది రంగు పోతుందేమో చూస్తాం. "ఇది ఎనభై కౌంటు కాదులెండి, చూస్తేనే తెలుస్తోంది" అని మొహం మీదే చెప్పేసి లేచి వస్తాం. అంత చెయ్యి తిరిగినవాళ్లం, పక్క మీద పరిచే దుప్పటి దగ్గరికి వచ్చేసరికి ఏమైపోతున్నామో తెలియదు. పెట్టె మీద బంగారు అక్షరాలతో 1000 అని ఉంటే చాలు, విప్పి చూపించమని కూడా అడగం. లోపల ఉన్నదేమిటో ఆ రాత్రి పరుపు మీద పడుకున్నాక వీపుకి తెలుస్తుంది.

ముందు ఈ వెయ్యి సంగతి తేల్చుకుందాం. చీరల కొట్టులో చెప్పే కౌంటు వేరు, దుప్పట్ల కొట్టులో చెప్పే కౌంటు వేరు. చీరకి చెప్పేది నూలు నంబరు. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని తూగితే అది అన్నో నంబరు నూలు. 80 నంబరంటే పౌనుకి 80 చిలపలు, అంటే 67,200 గజాల దారం. నంబరు పెరిగినకొద్దీ నూలు సన్నబడుతుంది. ఇందులో దాపరికం లేదు. దుప్పటికి చెప్పేది పోగుల లెక్క. ఒక చదరపు అంగుళంలో పడుగు పోగులెన్ని, పేక పోగులెన్ని, రెండూ కలిపితే ఎన్ని అని. మాట ఒకటే కావడంతో, చీరల దగ్గర సంపాదించిన తెలివే ఇక్కడ మన కొంప ముంచుతోంది. అంకె పెద్దదైతే గుడ్డ మేలైనదనుకుని నోట్లు లెక్కపెట్టి ఇచ్చేస్తున్నాం.

అంగుళం అంగుళమే కదండీ, అది సాగుతుందా? ఒంటి పోగుతో సాదా నేత నేస్తే 400 దాటడమే గగనం. మరి వెయ్యి ఎలా వచ్చింది? పడుగు 130, పేక 120, వెరసి 250 పోగుల గుడ్డ అనుకోండి. అందులో ఒక్కో పోగూ నాలుగు సన్న పోగుల్ని కలిపి పేనింది. ఆ నాలుగునీ విడివిడిగా లెక్క రాసేస్తే 250 కాస్తా 1000 అయి కూర్చుంటుంది. మీ జడకి మూడు పాయలున్నాయి కాబట్టి మీకు మూడు జడలున్నట్టే అని ఎవరైనా అంటే ఊరుకుంటారా? ఇలా పేనిన పోగుల్ని విడదీసి లెక్క చెప్పడం కొనేవాళ్లని తప్పుదారి పట్టించవచ్చని 2005లో అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది ఒక ఉత్తరంలో స్పష్టంగా రాశారు. అయినా ఆ అంకెలు తగ్గలేదు. పేనిన పోగుల గుడ్డ బరువుగా, మందంగా ఉంటుంది. రెంటచింతల ఎండలు తెలిసిన మనకి, వైశాఖమాసపు రాత్రి కరెంటు పోతే అది దుప్పటో కుంపటో మీరే చెప్పండి.

మనకి కావలసింది పర్కేల్. పేరు విని బెదరక్కర్లేదు. ఒక పోగు పైన, ఒక పోగు కింద, అంతే నేత. నవారు మంచం అల్లిక చూసినవాళ్లకి వేరే చెప్పనవసరం లేదు. మీరు కట్టుకునే మంగళగిరి చీర ఒంటిదీ ఆ సాదా నేతే. సన్నని ఒంటి నూలుతో, బిగువుగా, అంగుళానికి 180 పోగులకి తగ్గకుండా నేసినదాన్ని పర్కేల్ అంటారు. 200 నుంచి 300 మధ్య ఉంటే మన ఎండలకి దివ్యంగా సరిపోతుంది. గాలి ఆడుతుంది, చెమట పీల్చుకుంటుంది, ఒంటికి అంటుకోదు. ఇదేదో దొరల వస్తువనుకునేరు! 17, 18 శతాబ్దాల్లో ఈ రకం గుడ్డ మన దేశం నుంచే ఐరోపాకి ఓడలెక్కి వెళ్లింది. తరువాతే ఫ్రాన్సువాళ్లు నేయడం మొదలుపెట్టారు. మన నేతకి వాళ్ల పేరు తగిలించుకుని తిరిగొస్తే మనం నోరెళ్లబెట్టి చూస్తున్నాం.

సాటిన్ నేతలో పోగు నాలుగింటి మీదుగా పోయి ఒకదాని కింద దూరుతుంది. అందుకే ఆ మెరుపు, ఆ జారుడు. కొట్టులో చెయ్యి వేస్తే ప్రాణం లేచొస్తుంది. కాని పైకి తేలిన ఆ పోగులే రాపిడికి ముందు రేగుతాయి. చలిదేశాల్లో హాయిగానే ఉంటుందేమో, మనకెందుకూ?

"పర్కేల్ ముడతలు పడుతుందండీ" అంటారు. పడుతుంది. పత్తి అన్నాక ముడత పడక ఏం చేస్తుంది? ముడత పడని గుడ్డ కావాలంటే పాలియెస్టర్ కలపాలి, లేకపోతే బంక మందులు పట్టించాలి. ఆ మందుల్లో చాలావాటికి ఫార్మాల్డిహైడ్ మూలం. పైగా అవి నూలు బలాన్ని తినేస్తాయి. రాత్రంతా పిల్లలు మొహం ఆనించి పడుకునే గుడ్డకి ఇదా అలంకారం? పక్క మీద ముడత కనిపిస్తే ఇల్లాలి పనితనానికి మచ్చ అని ఏ శాస్త్రంలో రాసి ఉంది? తడి పూర్తిగా ఆరకముందే ఇద్దరు చెరో కొసా పట్టుకుని దులిపి లాగితే సగం ముడతలు పోతాయి. ఆ రెండో కొస మీ వారికి ఇవ్వండి. మిగతా సగం ముడతలు ఉంటే ఉండనివ్వండి.

ఇక ఈజిప్టు పత్తి మోజు ఒకటి. ఆ పేరుతో అమ్మిన దాదాపు ఏడున్నర లక్షల దుప్పట్లు, దిండు గలీబులు వేరే పత్తితో చేసినవని 2016లో తేలి, అమెరికాలో ఒక పెద్ద దుకాణాల సంస్థ తనకి సరుకు పంపే మన దేశపు మిల్లుతో తెగతెంపులు చేసుకుంది. అంతటి వ్యాపారులే పేరు చూసి మోసపోయారు! మేలు పేరులో లేదు, పింజ పొడుగులో ఉంది. పొట్టి పింజని దువ్వి తీసేసిన నూలులో ఉంది. 1974లో కోయంబత్తూరు నుంచి వచ్చిన మన సువిన్ పత్తి పింజ పొడుగులో దేనికీ తీసిపోదు.

పెళపెళ చూసి కూడా పడిపోకండి. మిల్లువాడు గంజి దట్టించి పెళపెళలాడించడం తేలిక. మొదటి ఉతుకులో గంజీ పోతుంది, పొంకమూ పోతుంది. గుడ్డని రెండు బొటనవేళ్ల మధ్య గట్టిగా నలపండి. పొడి రాలిందా, తిరిగి ఇచ్చేయండి. వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడండి. నేత సమంగా ఉండాలి, అక్కడక్కడ చిల్లుల్లా కనిపించకూడదు. అంచు నుంచి ఒక పోగు లాగి ఇంటికి తెచ్చి కాల్చండి. కాగితం కాలిన వాసన వచ్చి బూడిదైతే పత్తి. కరిగి పూసలా గట్టిపడితే వేరే చెప్పాలా?

కొలత మరవకండి. 72 అంగుళాల పరుపు, మందం 8 అనుకుంటే రెండు పక్కలా దిగడానికే 88 అంగుళాలు కావాలి. బజారులో ఎక్కువగా దొరికే 90 అంగుళాల వెడల్పు, నూటికి నాలుగు వంతులు కుంచించుకుందంటే 86 అంగుళాల చిల్లరకి వస్తుంది. ఆపైన తెల్లవారుజామున దుప్పటి లాక్కోవడాలూ, మూల ఊడిందని లేచి కూర్చోవడాలూ. 108 అంగుళాలది అడగండి.

కొట్టులో కూర్చున్నాక పెట్టె మీది అంకె జోలికి పోకుండా మూడే ప్రశ్నలు వెయ్యండి. ఏ నేత? ఎన్నో నంబరు నూలు? ఒంటి పోగా, పేనినదా? కుర్రాడు తెల్లమొహం వేసి లోపల్నించి పెద్ద గుమాస్తాని పిలుచుకొస్తాడు. ఆయన మిమ్మల్ని ఒకసారి ఎగాదిగా చూసి, బంగారు పెట్టెలన్నీ పక్కకి నెట్టి, అడుగు అరలోంచి అట్టపెట్టె కూడా లేని తెల్ల దుప్పటి ఒకటి తీసి దులుపుతాడు. అప్పుడు బేరం మొదలెట్టండి.