దురద దాచుకుంటే తగ్గదు

కుబూస్ పొంగేది ఈస్ట్ వల్ల. మన ఊళ్లో కల్లు పులిసేదీ ఈస్ట్ వల్లే. కాండిడా కూడా ఆ జాతిదే. చాలామంది నోట్లో, పేగుల్లో అది ఏ హానీ చేయకుండా ఉంటుంది. కానీ చెమట ఆరని చోట, షుగర్ పెరిగిన ఒంట్లో, యాంటీబయాటిక్స్, స్టెరాయిడ్లు అతిగా వాడినప్పుడు అదుపు తప్పి పెరుగుతుంది.

కన్‌స్ట్రక్షన్ పనిలో ఉన్న మనకు ఈ బాధ కొత్త కాదు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని నిషేధమే. అయినా మిగతా గంటల్లోనే కవరాల్ తడిసి ముద్దవుతుంది, బూట్లలో పాదాలు నానిపోతాయి. గజ్జల్లో, చంకల్లో ఎర్రగా ఒరుసుకుపోయి మంట, చుట్టూ చిన్న పొక్కులు, వేళ్ల సందుల్లో తెల్లగా నానిన చర్మం, నోట్లో తెల్లటి పూత, పెదవుల మూలల్లో పగుళ్లు, మర్మాంగం దగ్గర దురద... ఇవీ దీని లక్షణాలు.

మా గ్యాంగులో ఒక తాపీ మేస్త్రి మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. సెలవు నుంచి వచ్చినాయన తెచ్చిన ట్యూబు రాసుకున్నాడు. రెండు రోజులు తగ్గేది, మళ్లీ రెట్టింపయ్యేది. పని మధ్యలో గోక్కుంటుంటే మేం నవ్వాం. పని నెమ్మదిస్తోందని కసిరాం కూడా. చివరికి క్లినిక్‌కు తీసుకుపోతే షుగర్ మూడొందలు దాటింది. తనకు షుగర్ ఉందని అప్పటిదాకా అతనికే తెలియదు. మేం నవ్విన ఆ దురదే దాన్ని బయటపెట్టింది.

ఆ ట్యూబులో ఉన్నది స్టెరాయిడ్. అది ఎరుపును, దురదను అణచిపెడుతుందే గానీ ఫంగస్‌ను చంపదు. పైగా చర్మం పలచబడుతుంది. ఇలాంటి 14 స్టెరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని భారత ప్రభుత్వం 2018లోనే ఆదేశించింది. అయినా మన బ్యాగుల్లో వస్తూనే ఉన్నాయి. తామర కూడా ఫంగసే, కానీ వేరే రకం. ఒకరి తువ్వాలు ఒకరు వాడితే అంటుకుంటుంది. ఏది ఏదో డాక్టరే తేల్చాలి. మందు ఇస్తే, దురద తగ్గింది కదా అని మధ్యలో ఆపొద్దు. ఈస్ట్ అన్నారని కుబూస్ మానేసే పనీ లేదు.

అన్నలారా, తమ్ముళ్లారా, ఇందులో సిగ్గేముంది? వీసా మెడికల్‌లో అన్‌ఫిట్ చేసే రోగం కాదిది. 2025 జనవరి నుంచి యూఏఈ అంతటా ప్రైవేటు ఉద్యోగులకు ఆరోగ్య బీమా తప్పనిసరి. జేబులో కార్డు పెట్టుకుని ట్యూబుల కోసం వెతకడం ఎందుకు? దురద మళ్లీ మళ్లీ వస్తుంటే షుగర్ పరీక్ష అడిగి మరీ చేయించుకోండి.

కంపెనీలు కూడా మనిషికి రెండో జత కవరాల్, క్యాంపులో బట్టలు బాగా ఆరే చోటు చూపించాలి. ఇది పెద్ద ఖర్చేమీ కాదు. ఇక సూపర్‌వైజర్లమైన మాకు మేం చెప్పుకోవాల్సింది ఒకటుంది. గోక్కునేవాణ్ని చూసి నవ్వొద్దు. పక్కకు పిలిచి, క్లినిక్‌కు వెళ్లడానికి ఒక పూట సెలవిద్దాం.