కంపవాతమునకు విద్యుచ్చికిత్స: అందవలసినది ఎవరికి?

రోగములలో కొన్ని ప్రాణమును హరించును. కొన్ని ప్రాణమునుంచియే మనుష్యుని హరించును. కంపవాతము ఈ రెండవ తెగకు చేరినది. ముద్ద నోటివరకు రాదు. సంతకము చేయబోయిన చేయి కాగితముమీద నిలువదు. అడుగు వేయవలెనని మనస్సు ఆజ్ఞాపించును; పాదము నేల కంటుకొని కదలదు. ముఖము బిగిసి, నవ్వునకును విచారమునకును భేదము కానరాకుండ పోవును. ముసలితనమని ఇంటివారు సరిపెట్టుకొందురు; కర్మమని రోగి యూరకుండును. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2019వ సంవత్సరమున ఈ వ్యాధిగ్రస్తులు లోకమున 85 లక్షలకు మించియుండిరి. ఇట్టి వ్యాధిని పూర్తిగా మాన్పునది కాకున్నను, తగిన రోగులను తిరిగి తమ పనులు తాము చేసికొనునట్లు చేయగల చికిత్స యొకటి 30 ఏండ్లకు పైగా లోకమున నున్నది. అది మన దేశమునను జరుగుచున్నది. అయినను దాని పేరు వినినవారు మనలో కొలదిమంది; వినినవారిలో దానిని పొందగలవారు మరింత కొలదిమంది. ఈ రెండు కొరతలను గూర్చియే నేడు మేము ప్రస్తావింపదలచితిమి.

ఈ వ్యాధికి పాశ్చాత్యులు పెట్టిన పేరు జేమ్స్ పార్కిన్‌సన్ అను లండను వైద్యునిది. ఆయన 1817లో వణకువాతమును గూర్చి ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. అందు వర్ణింపబడిన రోగులు ఆరుగురే. వారిలో కొందరిని ఆయన వీధిలో చూచి గుర్తించెను. ఈయన వైద్యుడు మాత్రమే కాడు. సామాన్య ప్రజల ఓటు హక్కుకొరకు మారుపేరుతో కరపత్రములు వ్రాసినవాడు; 1794లో రాజుపై కుట్ర జరిగెనను వ్యవహారమున ప్రీవీ కౌన్సిలు ఎదుట ప్రశ్నింపబడినవాడు. దారిన పోవువాని నడకను శ్రద్ధతో చూచిన కన్నును, దారిన పోవువానికి ఓటు కోరిన మనస్సును వేరు కావని మేము తలచుచున్నాము.

మన ఆయుర్వేదమును ఈ వ్యాధిని ఎరుగనిది కాదు. కంపవాతమను పేరే అందుకు సాక్షి. దూలగొండి గింజలు మన వైద్యుల ఔషధములలో చిరకాలమునుండి చేరియున్నవి. ఆ గింజలనుండి 1937లో మదరాసులో దామోదరన్, రామస్వామి అను రసాయన శాస్త్రజ్ఞులు లెవోడోపా అను పదార్థమును వేరుచేసిరి. కాని దాని విలువ రోగికి తెలియుటకు ఇంకను 30 ఏండ్లు పట్టెను. మెదడులో డోపమైన్ అను రసమునకు స్వతంత్రమైన పని కలదని 1957లో స్వీడను దేశపు కార్ల్‌సన్ చూపెను. కంపవాత రోగుల మెదడులో ఆ రసమే తరిగియుండునని 1960లో వియన్నా నగరమున హార్నికీవిచ్ కనుగొనెను. లెవోడోపాను క్రమక్రమముగా పెద్ద మోతాదులలో మ్రింగించి రోగులను లేవనెత్తవచ్చునని 1967లో అమెరికాలో కోట్సియాస్ స్థాపించెను. మన గింజలోనే మందున్నదని గర్వించుట సులభము. ఆ మందును రోగి మంచమువరకు చేర్చిన పరిశ్రమ అన్యదేశములలో జరిగెనని యొప్పుకొనుట కష్టము. ఈ రెండవది యొప్పుకొననివానికి ఆ మొదటి గర్వము శోభింపదు.

లెవోడోపా నేటికిని ఈ వ్యాధికి ప్రధానౌషధము. అయిన నది యెల్లకాలము ఒక్కతీరున పనిచేయదు. కొన్ని యేండ్లు గడచినపిదప మందు వేసికొన్న కొంతసేపటికే దాని గుణము తీరిపోవును. రోగి మరల కొయ్యబారును. మోతాదు హెచ్చించినచో దేహము తనకుతాను మెలికలు తిరుగుచు ఊగులాడును. ఒకే దినమున పలుమార్లు రోగి స్వేచ్ఛనుండి బంధమునకు, బంధమునుండి అదుపులేని కదలికకు మారుచుండును. ఈ దశయందే మనము చెప్పుచున్న విద్యుచ్చికిత్స అక్కరకు వచ్చును.

దీనిని వైద్యులు డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ అందురు. వెనుక మెదడులోని యొక చిన్న భాగమును కాల్చి వణకు నాపుచుండిరి. కాల్చినది తిరిగి రాదు. పొరపాటు జరిగిన దిద్దుకొనుటకు వీలులేదు. 1987లో ఫ్రాన్సు దేశమున గ్రెనోబుల్ పట్టణములో బెనబీద్, పొల్లాక్ అను వైద్యులు, సెకనునకు 100 సార్లకు మించిన వేగముతో స్వల్ప విద్యుత్తును ప్రసరింపజేసినచో, కాల్చకయే వణకు ఆగునని చూపిరి. విద్యుత్తు నాపిన వణకు తిరిగివచ్చును. పెట్టిన మరల పోవును. 1990లో అమెరికాలో డిలాంగ్ మొదలగు శాస్త్రజ్ఞులు, ఈ వ్యాధి కల్పింపబడిన కోతులలో థాలమస్ క్రింద గింజవలె నుండు సబ్‌థాలమిక్ కేంద్రమును పనిచేయనీయకున్న జబ్బు లక్షణములు సడలునని తెలిపిరి. ఈ రెండు జ్ఞానములును కలిసినవి. 1993లో గ్రెనోబుల్ వైద్యులు మనుష్యులలో ఆ కేంద్రమునకే విద్యుత్తు నిచ్చిరి. 2002లో అమెరికా ప్రభుత్వపు ఔషధ శాఖ ముదిరిన కంపవాతమునకు దీని నంగీకరించెను. 2014లో బెనబీద్, డిలాంగ్ పండితులకు లాస్కర్ బహుమానము లభించెను.

చికిత్స జరుగు విధమును మా పాఠకులు తెలిసికొనుట మంచిది. తెలియనిదే భయమునకు మూలము. తలకు చట్రము బిగించి, మెదడు చిత్రములు తీసి, చేరవలసిన చోటును మిల్లీమీటరు లెక్కన నిర్ణయింతురు. పుఱ్ఱెకు చిన్న రంధ్రము చేసి, సన్నని తీగను లోనికి దింపుదురు. మెదడునకు నొప్పి తెలియదు గనుక, పెక్కుచోట్ల రోగిని మేల్కొలిపియే యుంచి, చేయి ఆడింపుమని, మాటాడుమని అడుగుచు ఫలమును చూతురు. ఆ తీగను మెడ చర్మము క్రిందుగా తెచ్చి, ఱొమ్ముపై చర్మము క్రింద అమర్చిన చిన్న యంత్రమునకు కలుపుదురు. గుండెకు పెట్టు పేస్‌మేకరునకు ఇది తోబుట్టువు. పిదప కొన్ని నెలలపాటు విద్యుత్తు బలమును, వేగమును, మందుల మోతాదును మార్చి మార్చి సరిచూడవలెను. శస్త్రము ఒకనాటి పని. సరిచూచుట యేండ్ల పని. ఈ సంగతి మరచువాడు ఈ చికిత్సను అర్థము చేసికొననివాడే.

దీనివలన కలుగు మేలెంత? జర్మనీ, ఫ్రాన్సు దేశములలో 251 మంది రోగులపై రెండేండ్లు నడపి 2013లో ప్రకటించిన పరిశోధనలో, మందులు మాత్రమే వాడినవారికంటె విద్యుచ్చికిత్సయు పొందినవారి జీవన సౌఖ్యము స్పష్టముగా మేలుగా నుండెను. వణకు, బిగువు, మందత తగ్గును. మందుల మోతాదు పలువురికి తగ్గును. దానితో ఆ మెలికల బాధయు తగ్గును. కాని దోషములను దాచుట ధర్మము కాదు. ఇది వ్యాధి నాపునది కాదు. లక్షణములను అణచునది మాత్రమే. నూటికి ఒకరిద్దరికి మెదడులో రక్తస్రావము కలుగవచ్చును. చీము పట్టి యంత్రమును తీసివేయవలసి రావచ్చును. మాట తడబడవచ్చును; మనస్సు చలింపవచ్చును. బుద్ధి మందగించినవారికి ఇది తగదు. సాధారణముగా లెవోడోపాకు లొంగని లక్షణములు దీనికిని లొంగవు. కావున తగిన రోగిని ఎన్నుకొనుటలోనే సగము చికిత్స యున్నది.

ఇచట రెండు దురభిప్రాయములను మేము ఖండింపవలసియున్నది. తలలో కరెంటు పెట్టినచో మనిషి మనిషిగా నిలువడను భయము మొదటిది. ఈ భయముచేత కాలము మించనిచ్చి, చికిత్సకు తగిన దశ దాటినపిదప వైద్యుని చేరువారున్నారు. ఒక్క శస్త్రముతో రోగము మాయమగునను ప్రచారము రెండవది. ఈ ప్రచారమును నమ్మి పొలము తాకట్టుపెట్టినవాడు, మూడేండ్లకు బ్యాటరీ మార్చవలెనని వినినప్పుడు దిక్కుతోచక నిలుచును. భయపెట్టువాడును, ఆశపెట్టువాడును రోగికి సమానముగా శత్రువులే.

ఇక అసలు చిక్కునకు వత్తము. ఈ చికిత్స హైదరాబాదులోని నిమ్స్ నందును, తిరువనంతపురములోని శ్రీ చిత్ర సంస్థయందును, మరికొన్ని పెద్ద నగరములందును జరుగుచున్నది. నేర్పరులైన వైద్యులు మనకు లేకపోలేదు. కాని యంత్రము పరదేశపు సరకు. దాని వెలయే పలు లక్షలు. రీచార్జి చేయరాని బ్యాటరీ సాధారణముగా 3 మొదలు 5 ఏండ్లలో తీరిపోవును. రీచార్జి చేయదగినది 15 ఏండ్లు నిలుచును గాని, దాని వెల మరింత హెచ్చు. జీతగాడు, చిన్న వర్తకుడు, రైతు ఈ భారమును మోయగలడా? శాస్త్రము వాని గుమ్మమువరకు వచ్చి నిలిచినది. తలుపు తీయుటకు తాళపుచెవి వానియొద్ద లేదు.

ప్రభుత్వము చేయగలది లేదని యెవరైన నన్నచో మేము ఒప్పుకొనము. 2017 ఫిబ్రవరిలో గుండె నాళములలో పెట్టు స్టెంటులకు కేంద్ర ప్రభుత్వము గరిష్ఠ ధరను నిర్ణయించెను: సామాన్యపు రకమునకు 7,260 రూపాయలు, మందు పూసిన రకమునకు 29,600 రూపాయలు. ఆ యేటనే మోకాలి కీళ్ల ధరకును హద్దు విధింపబడెను. గుండెకును మోకాలికిని దొరకిన న్యాయము మెదడునకేల దొరకరాదు? మరియు, శ్రీ చిత్ర సంస్థ తయారుచేసిన గుండె కవాటము 1990లో తొలుత ఒక రోగికి అమర్పబడి, పిదప పరదేశపు కవాటములకంటె చౌకగా వేలాది ప్రాణములు నిలిపినది. ఆ పట్టుదల నేటి మన శాస్త్రజ్ఞులకు లేకపోలేదు. వారికి కావలసినది సొమ్మును, ఓపికయు గల పోషకుడు. ఆ పోషకుడు రాజ్యమే కావలెను.

చట్టము కూడ రోగి పక్షముననే యున్నది. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము తన పట్టికలో పార్కిన్‌సన్ వ్యాధిని పేరుపెట్టి చేర్చినది. ప్రభుత్వము నిర్ణయించు కుటుంబాదాయ పరిమితికి లోబడి, సమీపముననే ఉచిత వైద్యము కల్పింపవలెనని అదే చట్టపు 25వ సెక్షను చెప్పుచున్నది. ప్రజారోగ్యము నభివృద్ధి చేయుట రాజ్యపు ప్రధాన విధులలో నొకటియని రాజ్యాంగపు 47వ అధికరణము ఘోషించుచున్నది. కాగితముమీది హక్కు అడుగువాడు లేనిదే కదలదు. దానికిని ఒక విధమైన కంపవాతమే పట్టినదని చెప్పవలసియున్నది.

మరియొక ప్రమాదమును మనవారు ముందుగనే గ్రహింపవలెను. దేహములో చొప్పించిన యంత్రము కొన్ననాటితో తీరు బేరము కాదు. అమెరికాలో సెకండ్ సైట్ అను కంపెనీ అంధుల కన్నులలో యంత్రములు అమర్చి, 350 మందికి పైగా ధరించినపిదప, 2020 ప్రాంతమున ఆర్థికముగా చితికి ఆ పని మానెను. యంత్రము చెడినచో బాగుచేయువారు లేక రోగులు మిగిలిరి. మెదడులో తీగ గలవానికి అట్టి గతి పట్టరాదు. మరియు 2025 ఫిబ్రవరిలో అమెరికాలో అంగీకరింపబడిన క్రొత్త రకపు యంత్రము, మెదడు సంకేతములను తానే చదివి విద్యుత్తును హెచ్చించుచు తగ్గించుచు నుండును. ఇది గొప్ప ముందడుగు. కాని మెదడునుండి చదివిన సంగతులు ఎవరి సొత్తు? రోగిదే యని చట్టము నిస్సందేహముగా చెప్పవలెను.

కొందరు మాకు ఎదురు చెప్పుదురు: క్షయయు, చలిజ్వరమును తీరని దేశమున ఒక్క రోగికి లక్షలు వెచ్చించుట న్యాయమా? ఈ ప్రశ్న తోసిపుచ్చదగినది కాదు. అందుచేతనే మేము మొదట కోరునది విద్యుద్యంత్రము కాదు. ప్రతి జిల్లా ఆసుపత్రిలోను లెవోడోపా తప్పక దొరకవలెను, వ్యాధిని గుర్తింపగల వైద్యుడుండవలెను. అది చౌకైన పని. కాని చౌకైనది చాలక పోయినవాని నేమి చేయుదుము? ధనికుడు పొందును, దరిద్రుడు వణకును అను న్యాయమును స్వతంత్ర దేశము అంగీకరింపరాదు. లేచి తిరుగగలిగిన రోగి వలన వానిని మోయుచున్న భార్యకో, కోడలికో, కొడుకునకో విముక్తి కలుగును. ఆ లాభమును లెక్కించువారు లేరు.

కావున మా కోరికలు ఐదు. యంత్రమునకును బ్యాటరీకిని గరిష్ఠ ధర నిర్ణయింపవలెను. తెలుగు రాష్ట్రములు రెంటను ప్రభుత్వాసుపత్రులలో శస్త్రవైద్యుడు, నరముల వైద్యుడు, తరువాత సరిచూచువారు కలిసిన దళములు ఏర్పడవలెను. బ్యాటరీ మార్పును ప్రభుత్వ ఆరోగ్య పథకమే భరింపవలెను. యంత్రము నమ్ము ప్రతి కంపెనీయు రోగి జీవితకాలము సేవ చేయుదునని పూచీ వ్రాసియిచ్చి, అందుకు ధరావతు కట్టవలెను. స్వదేశ యంత్ర నిర్మాణమునకు ప్రభుత్వము నిధి కేటాయింపవలెను.

పఠన మందిరములలో ఈ పత్రిక చదువు మిత్రులకు ఒక్క మాట. మీ వీధిలో చేయి వణకుచు, కాలీడ్చుచు నడచు పెద్ద లెవరైన నుండవచ్చును. ముసలితనమని వదలక వారిని నరముల వైద్యునియొద్దకు తీసికొనిపొండు. వైద్యము దొరకనిచోట అర్జీ వ్రాయుడు, శాసనసభ్యుని అడుగుడు. అడుగు వేయలేనివాని తరపున అడుగవలసినవారు కాళ్లు గలవారే.